డయాలసిస్ దగ్గరికొస్తోందని చెప్పారా? ముందు ఎడమ చెయ్యి కాపాడుకోండి

"క్రియాటినిన్ (కిడ్నీలు రక్తంలోంచి తీసేయాల్సిన వ్యర్థం) 6 దాటింది, కొన్ని నెలల్లో డయాలసిస్ పడొచ్చు, సిద్ధంగా ఉండండి" అని డాక్టరు చెప్పాక ఇంటికొచ్చే దారిలో ఎవరూ మాట్లాడరు. మా ఇంట్లో ఇది రెండుసార్లు జరిగింది. మొదట మా నాయనకు. ధర్మవరంలో మగ్గం నేసేవాడు, ఇరవై ఏళ్ల షుగరు, దానికి తోడు బీపీ. నాలుగేళ్ల తర్వాత మా చిన్నమ్మకు, ఆమె ఉండేది అనంతపురంలోనే. నాయనప్పుడు మాకు ఏడు నెలల టైం దొరికింది. ఆ ఏడు నెలలూ "డయాలసిస్ లేకుండానే తగ్గిస్తాం" అన్నవాళ్ల చుట్టూ తిరిగాం, పొట్లాలు మింగించాం, చివరికి ఒక రాత్రి ఊపిరాడక క్యాజువాలిటీకి ఎత్తుకొని పోతే అప్పటికప్పుడు మెడలో గొట్టం వేసి మొదలుపెట్టారు. చిన్నమ్మకు ఎనిమిది నెలలు దొరికాయి, ఒక్క నెల కూడా పోనివ్వలేదు. మొదటి డయాలసిస్‌కు ఆమె తన కాళ్లతో తాను నడిచి వెళ్లింది. అప్పుడు తెలియక చేసిన తప్పులూ తర్వాత తెలుసుకొని చేసిన పనులూ రెండూ రాస్తున్నా. నేను డాక్టరును కాదు, మందుల డోసుల జోలికి పోను, అవి మీ నెఫ్రాలజిస్ట్, అంటే కిడ్నీ డాక్టరు, చెప్పాల్సినవి.

రిపోర్టు చూడటం నేర్చుకోండి

క్రియాటినిన్ ఒక్కటే చూసి భయపడటమో, కొంచెం తగ్గితే సంబరపడటమో చేస్తుంటాం. దానికంటే ఈజీఎఫ్‌ఆర్ అనే అంకె చూడండి. వయసు, ఆడా మగా, క్రియాటినిన్ కలిపి లెక్కేసి కిడ్నీలు ఎంత పని చేస్తున్నాయో చెప్పే అంకె అది. 30 కంటే కిందికి దిగితే కిడ్నీ జబ్బులో నాలుగో దశ, 15 కంటే దిగితే ఐదో దశ. నాలుగో దశలోకి వచ్చారంటే మామూలు ఫిజీషియన్ దగ్గర ఆగకుండా నెఫ్రాలజిస్ట్‌ను పట్టుకోవాలి. 20 దగ్గరికి వస్తుంటే ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతికి ముందే చేసే చిన్న ఆపరేషన్) మాట, కిడ్నీ మార్పిడి మాట మీరే ఎత్తండి. ఓపీలో వంద మంది ఉన్న రోజు డాక్టరుకు అది చెప్పేంత టైం ఉండకపోవచ్చు, మీరు అడిగితే కచ్చితంగా చెప్తారు.

ఐదో దశ అనగానే రేపే మిషన్ మీద పడుకోబెడతారని కాదు. అంకె ఒక్కటే చూసి ముందుగా మొదలుపెడితే ఆయుష్షు పెరుగుతుందా అని ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ డాక్టర్లు పెద్ద పరిశోధన చేసి 2010లో ఫలితం చెప్పారు: అలా పెరగదు, ఒంట్లో లక్షణాలు చూసుకుంటూ జాగ్రత్తగా ఆగిన వాళ్లకు నష్టమేమీ జరగలేదు. కానీ అక్కడ ఆగినవాళ్లంతా డాక్టరు కళ్ల ముందు ఉన్నవాళ్లు, క్రమం తప్పకుండా పరీక్షలు చేయించుకున్నవాళ్లు. మేము ఆగినట్టు, డాక్టరుకు చూపించుకోకుండా ఆగడం వేరు.

ఏ లక్షణాలంటే, తిండి చూస్తే వాంతి రావడం, నోరంతా ఇనుము నాకినట్టు ఉండటం, ఒళ్లంతా దురద, ఆగని ఎక్కిళ్లు, కాళ్ల వాపు, మొహం ఉబ్బు, పగలు కూర్చున్నచోటే మగతగా నిద్రపోవడం. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటున్నారంటే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందని అర్థం, తెల్లారేదాకా ఆగకండి. మా నాయన వారం రోజులు దిండ్లు మీద దిండ్లు పెట్టుకొని పడుకున్నాడు, మేము గ్యాస్ అనుకున్నాం.

ఎడమ చెయ్యి సంగతి

ఈ ఒక్క భాగం చదివి మిగతాది వదిలేసినా పర్వాలేదు.

డయాలసిస్ అంటే రక్తాన్ని ఒంట్లోంచి బయటికి తీసి, డయలైజర్ అనే ఫిల్టరు గుండా పంపి, మళ్లీ ఒంట్లోకి ఎక్కించడం. నిమిషానికి 250 నుంచి 300 మిల్లీలీటర్ల రక్తం పారాలి. మామూలు నరంలోంచి అంత రాదు. అందుకని చేతిలో ఒక ధమనిని, పక్కనే ఉన్న సిరను కలిపి కుడతారు, దాన్నే ఫిస్టులా అంటారు. ధమనిలో రక్తం జోరు సిరలోకి వచ్చేసరికి ఆ సిర లావుగా, గట్టిగా తయారవుతుంది, దానికి వారానికి రెండు మూడు సార్లు సూదులు గుచ్చినా తట్టుకుంటుంది. మామూలుగా రాయని చేతికి, అంటే మనలో ఎక్కువమందికి ఎడమ చేతికి చేస్తారు. మణికట్టు దగ్గర మత్తు సూది వేసి చేసే చిన్న ఆపరేషన్, చిన్నమ్మ అదే రోజు సాయంత్రం ఇంటికొచ్చేసింది.

చిక్కేమిటంటే ఇది వెంటనే పనికి రాదు. సిర పక్వానికి రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, కొందరికి మూడు నెలలు పడుతుంది, షుగరు ఉన్నవాళ్లలో కొందరికి మొదటిసారి చేసింది నిలవదు కూడా, మళ్లీ మోచేతి దగ్గర చేయాల్సొస్తుంది. డాక్టర్లు ఆరు లెక్క ఒకటి చెప్తారు: ఆరు వారాల తర్వాత ఆ సిర 6 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలి, చర్మం కింద 6 మిల్లీమీటర్ల లోతు దాటకూడదు, నిమిషానికి 600 మిల్లీలీటర్ల రక్తం పారాలి. కాబట్టి డయాలసిస్ ఆరు నెలల్లో పడొచ్చు అనిపించినప్పుడే ఇది చేయించుకొని పెట్టుకోవాలి. వాడకుండా ఊరికే ఉన్నా ఫర్వాలేదు. ఫిస్టులా వేయించుకుంటే డయాలసిస్ త్వరగా వస్తుందని మా వీధిలో ఒకరన్నారు, ఆ మాట పట్టుకొనే మేము నాయనకు వేయించలేదు. అది పచ్చి అబద్ధం. ఫిస్టులా వల్ల కిడ్నీలు చెడిపోవు.

ఆపరేషన్ కంటే ముందు చేయాల్సింది ఇంకోటి ఉంది: ఆ చేతి నరాలను చెడనివ్వకుండా చూసుకోవడం. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఊరికే రక్తపరీక్షలు, జ్వరమొస్తే సెలైన్లు. క్యాన్యులా (సెలైన్ ఎక్కించడానికి సిరలో పెట్టే సన్న గొట్టం) పెట్టిన ప్రతిసారీ ఆ సిర కొంత పాడవుతుంది, మందులు పోతే గట్టిపడి పోతుంది. నాయనకు మూడుసార్లు అడ్మిషన్‌లో ఎడమ చేతికే సెలైన్ పెట్టారు, కుడి చేత్తో అన్నం తింటాడు కదా అని మేమే ఎడమది చూపించాం. తర్వాత రక్తనాళాలు చూసే డాప్లర్ స్కాన్ చేసినప్పుడు ఆ చేతిలో పనికొచ్చే సిర దొరకలేదు. చిన్నమ్మ విషయంలో మొదటి రోజునుంచే ఫైలు అట్ట మీద ఎర్ర స్కెచ్‌తో "ఎడమ చేతికి సూది వద్దు, బీపీ చూడవద్దు" అని పెద్దగా రాశాం. ల్యాబ్‌కు వెళ్లినా, ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లినా, రక్తం తీసేవాళ్లు పట్టీ అందుకోకముందే కుడి చెయ్యి చాపేది. కుడి చేతికి కూడా వీలైతే అరచేతి వెనక వైపే తీయమని అడగండి, ముంజేతి సిరలు ఎప్పటికైనా అవసరపడతాయి.

ఆపరేషన్ ముందు రోజు ఎడమ చేతి గాజులు తీయమన్నారు. వాచీ, బిగుతు గాజులు, దారాలు ఏవీ ఆ చేతికి ఇక ఉండకూడదు, అవి నొక్కితే రక్తం గడ్డకట్టి ఫిస్టులా మూసుకుపోతుంది. ఆపరేషన్‌కు భయపడని మనిషి గాజుల దగ్గర ఏడ్చింది, చిన్నాయన బతికుండగా బోసి చెయ్యేందని. మా అవ్వ పక్కన కూర్చొని, సబ్బు నురగ రాసి ఒక్కొక్కటే జారదీసి, ఆ ఆరు గాజులూ కుడి చేతికి ఎక్కించింది. "రెండు చేతులవీ ఒక చేతికే ఉన్నాయిలే, లెక్క సరిపోయింది" అంది. ఇప్పటికీ చిన్నమ్మ కుడి చేతికి డజను గాజులు ఉంటాయి. ఇంట్లో ఆడవాళ్లకు ఫిస్టులా వేయిస్తుంటే ఈ మాట డాక్టరు చెప్పేదాకా ఆగకుండా ముందే మెల్లగా చెప్పుకోండి.

వేయించాక రోజుకు రెండుసార్లు, పొద్దున లేవగానే, రాత్రి పడుకోబోయే ముందు, కుట్టిన చోట మూడు వేళ్లు ఆనించి చూడాలి. పక్కింట్లో మగ్గం ఆడుతుంటే మన గోడ మీద చెయ్యి పెడితే ఎలా అదురుతుందో అలా సన్నగా అదురుతూ ఉంటుంది. చెవి ఆనిస్తే గుయ్యిమని చప్పుడు. ఆ అదురు ఆగిపోయిందంటే లోపల గడ్డకట్టిందని. నొప్పి లేదు కదా, రేపు చూద్దాం అనుకోవద్దు, ఆ రోజే ఆసుపత్రికి పోవాలి, గంటలు గడిచేకొద్దీ దాన్ని తెరిచే అవకాశం తగ్గిపోతుంది. డాక్టరు సరేనన్నాక మెత్తటి రబ్బరు బంతి పిసుకుతూ ఉండాలి, టీవీ చూస్తూ చేసుకోవచ్చు. ఆ చేత్తో బిందె మోయకూడదు, ఆ చెయ్యి తల కింద పెట్టుకొని నిద్రపోకూడదు.

టైం లేక మెడలో గొట్టం వేయాల్సొస్తే అది తాత్కాలికం అని గుర్తుంచుకొని ఫిస్టులా పని వెంటనే మొదలుపెట్టండి. గొట్టం ఉన్నన్నాళ్లూ కట్టు తడవకూడదు, తలంటు మానుకొని తడిగుడ్డతో తుడుచుకోవాలి, డయాలసిస్ వాళ్లు తప్ప ఎవరూ దాని మూతలు తీయకూడదు. చలితో జ్వరం వచ్చిందంటే ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పోయిందేమోనని అనుమానించాలి. నాయనకు రెండుసార్లు అలా వచ్చింది, రెండోసారి పదకొండు రోజులు ఆసుపత్రిలోనే ఉన్నాడు.

మిషన్ ఒక్కటే దారి కాదు

దారులు నాలుగు ఉన్నాయి, నాలుగూ డాక్టరుతో మాట్లాడాలి. డయాలసిస్ సెంటర్‌కు వెళ్లి చేయించుకునేది ఒకటి, మామూలుగా వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు. మన దగ్గర చాలామంది రెండుసార్లతో సరిపెడుతున్నారు, ప్రయాణం వల్లో డబ్బు వల్లో. మీ ఒంటికి ఎన్నిసార్లు కావాలో డాక్టరును సూటిగా అడగండి, మనమే తగ్గించేసుకోవద్దు.

రెండోది పొట్టలో మెత్తటి గొట్టం అమర్చి ఇంట్లోనే చేసుకునే పెరిటోనియల్ డయాలసిస్. రెండు లీటర్ల ద్రవం సంచి పొట్టలోకి ఎక్కించి కొన్ని గంటలు ఉంచి దించేయడం, రోజుకు మూడు నాలుగు సార్లు. మడకశిర, రాయదుర్గం పక్క పల్లెల్లో ఉండి సెంటరు దూరమైనవాళ్లకు, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఇది నయం కావచ్చు. దుమ్ము రాని ఒక గది, చేతులు శుభ్రంగా కడుక్కొని ఓపిగ్గా చేసే మనిషి ఉండాలి, లేకపోతే పొట్టలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది.

మూడోది కిడ్నీ మార్పిడి. డయాలసిస్ మొదలుకాకముందే చేయించుకోవచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. అవయవ మార్పిడి చట్టం 1994లో వచ్చింది, దాని ప్రకారం అమ్మానాన్న, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు, భార్యాభర్తలు, తాతా అవ్వ, మనవళ్లు దగ్గరి బంధువుల లెక్క. ఇంట్లో ఇచ్చేవాళ్లు లేకపోతే జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకోవాలి, చనిపోయినవాళ్ల కుటుంబాలు దానం చేసే కిడ్నీలు దాని ద్వారా వస్తాయి. పేరు ఎంత ముందు రాయిస్తే అంత మంచిది. మార్పిడి ఆలోచన ఉంటే అనవసరంగా రక్తం ఎక్కించుకోవద్దు, బయటి రక్తం వల్ల ఒంట్లో పుట్టే యాంటీబాడీలు తర్వాత కిడ్నీ సరిపోకుండా చేస్తాయి. రక్తం తక్కువైతే రక్తం పట్టించే ఎరిత్రోపొయిటిన్ సూదులు, ఐరన్ సూదులు ఉన్నాయి, ముందు వాటి గురించి అడగండి. ఇంకో మాట. మన ఇళ్లలో కిడ్నీ ఇవ్వాలనగానే అందరూ పెళ్లాం వైపో, తల్లి వైపో చూస్తారు. అన్నదమ్ములు కూడా పరీక్ష చేయించుకోవాలి, అడగడానికి మొహమాటపడొద్దు.

నాలుగోది, బాగా వయసు మళ్లి, వేరే జబ్బులు కూడా ముదిరినవాళ్లు డయాలసిస్ వద్దనుకొని బాధ తగ్గించే మందులతో ఉండటం. ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లను నేను తప్పుబట్టను. కాకపోతే పేషెంటు నోటితో రావాల్సిన మాట అది, బంధువులు వరండాలో కూర్చొని తేల్చేసేది కాదు.

తిండి: మన రాయలసీమ పళ్లెం ముందు పెట్టుకొని మాట్లాడుకుందాం

ఎక్కడ చూసినా యాపిల్ తినండి, ఓట్స్ తినండి అని రాసుంటుంది. మనం తినేది సంగటి, చెనిక్కాయల (వేరుశనగ) పచ్చడి, పప్పు, ఆకుకూర, వేసవిలో చీనీకాయలు (బత్తాయి), అరటిపండు. వీటిలో ఎక్కువ భాగం పొటాషియమో ఫాస్ఫరసో ఎక్కువ ఉన్నవే, ఒంటికి మంచిదని అందరూ చెప్పేవే కిడ్నీ చెడినవాళ్లకు చేటు.

పొటాషియం నిజంగా ప్రాణం తీస్తుంది. మామూలుగా 3.5 నుంచి 5 మధ్య ఉండాలి, 6 దాటితే గుండె కొట్టుకోవడం తప్పుతుంది, పైకి ఏమీ తెలియకుండానే. వేసవిలో నీరసంగా ఉందని ఎవరో ఒకరు కొబ్బరిబొండం తెచ్చిస్తారు, ప్రేమతోనే తెస్తారు, తాగొద్దు. చీనీరసం, టమోటా గుజ్జు, ఎండు ద్రాక్ష, ఖర్జూరం కూడా అంతే. బీపీకి మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పులో పొటాషియమే కలుపుతారు, అది మీ ఇంట్లో ఉంటే తీసేయండి. కూరగాయలు చిన్నగా తరిగి ఎక్కువ నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ వేరే నీళ్లలో ఉడకబెట్టి ఆ నీళ్లు కూడా వంచేస్తే పొటాషియం చాలావరకు పోతుంది. రుచి కూడా పోతుంది, నిజమే, తిరగమోతలో వెల్లుల్లి, జీలకర్ర, ఇంత నిమ్మరసం వేస్తే తినబుద్ధవుతుంది.

సంగటి పూర్తిగా మానక్కర్లేదు, కానీ రాగుల్లో పొటాషియం, ఫాస్ఫరస్ రెండూ బియ్యంలో కంటే ఎక్కువ. చిన్నమ్మ వారానికి ఒక్కసారి, రిపోర్టు బాగుంటేనే, చిన్న ముద్ద తింటుంది. చెనిక్కాయలు మానేసింది, ఈ జిల్లాలో పుట్టి చెనిక్కాయ లేకుండా ఉగ్గాని తినడం ఎంత కష్టమో నేను చూశాను. ఫాస్ఫరస్ తగ్గించే మాత్ర ఇస్తే అది అన్నంతో పాటే, తింటున్నప్పుడే వేసుకోవాలి. తిన్న గంటకు వేసుకుంటే ఉపయోగం ఉండదు.

ప్రొటీన్ దగ్గర అందరూ తికమక పడతారు. డయాలసిస్‌కు ముందు తక్కువ తినమంటారు, కిలో బరువుకు 0.6 నుంచి 0.8 గ్రాములు. మొదలయ్యాక తిరగబడుతుంది, 1 నుంచి 1.2 గ్రాములు కావాలి, ఎందుకంటే మిషన్‌లో కొంత పోతుంది. నాయనకు డయాలసిస్ మొదలయ్యాక కూడా మేము పాత పత్యమే పెట్టాం, ఆరు నెలల్లో చేతులు పుల్లల్లా అయ్యాయి. గుడ్డు తెల్లసొన అన్నిటికంటే సులువు, పచ్చసొన తీసేస్తే ఫాస్ఫరస్ కూడా తక్కువే.

ఉప్పు రోజుకు 5 గ్రాములు, ఒక చిన్న చెంచా, అందులోనే అన్నీ. ఊరగాయ, అప్పడం, ఊరుమిరపకాయ, బేకరీ సరుకు, ఇవన్నీ పక్కన పెట్టాలి. ఉప్పు తగ్గితే దాహం దానంతటదే తగ్గుతుంది, ఉప్పు తింటూ నీళ్లు ఆపుకోవడం ఎవరివల్లా కాదు.

నీళ్ల లెక్క: ముందు రోజు ఎంత మూత్రం వచ్చిందో కొలిచి, దానికి 500 మిల్లీలీటర్లు కలిపితే ఆ రోజుకు తాగాల్సింది. కాఫీ, మజ్జిగ, చారు, గంజి కూడా ఇందులోకే. మూత్రం బాగానే వస్తున్నన్నాళ్లు డాక్టరు చెప్పకుండా మీరే నీళ్లు కట్టేయొద్దు. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురం ఎండ 40 డిగ్రీలు దాటాక ఈ లెక్క నరకం. మా అమ్మ ఒక స్టీలు చెంబు కొలిచి, పొద్దున్నే దాన్నిండా నీళ్లు పోసి చిన్నమ్మ పక్కన పెట్టేది, ఎవరిచ్చినా ఏది తాగినా అంత నీళ్లు చెంబులోంచి తీసి కుండీలో మొక్కకు పోసేది. సాయంత్రానికి చెంబులో ఏం మిగిలిందో కళ్లకు కనపడుతుంది, ఎవరూ అరవక్కర్లేదు. నోరు ఎండినప్పుడు పుక్కిలించి ఉమ్మేయడం, చిన్న ఐసుముక్క చప్పరించడం, నిమ్మచెక్క నాలుకకు రాసుకోవడం పనికొస్తాయి.

మందులు, టీకాలు

నొప్పుల మాత్రలు మానేయండి. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, పేరు ఏదైనా మిగిలున్న కిడ్నీని తింటాయి. జ్వరానికి, నొప్పికి పారాసిటమాల్ చాలు, అదీ డాక్టరు చెప్పినంతే. ఊర్లో వైద్యుడు ఇచ్చే భస్మాలు, పసరు మందులు వద్దు. మా ఏడు నెలలూ అందులోనే పోయాయి. ఇచ్చినవాళ్లను తిట్టి ప్రయోజనం లేదు, ఆశ ఉన్న మనుషులం మేమే వెళ్లాం. ఆ ఏడు నెలల్లో నాయన క్రియాటినిన్ 6 నుంచి 11కి పోయింది.

షుగరు ఉన్నవాళ్లు ఇంకోటి గమనించాలి: కిడ్నీ చెడేకొద్దీ ఇన్సులిన్ ఒంట్లోనే ఎక్కువసేపు ఉండిపోతుంది, పాత డోసే వేస్తే షుగరు పడిపోతుంది. షుగరు తగ్గిందని సంతోషపడకుండా డోసు మార్పించుకోండి. ఈజీఎఫ్‌ఆర్ 30 కిందికి వస్తే మెట్‌ఫార్మిన్ ఆపేస్తారు, మీ చీటీలో ఇంకా ఉంటే అడగండి.

హెపటైటిస్ బి టీకా ఇప్పుడే మొదలుపెట్టాలి. కిడ్నీ పేషెంట్లకు మామూలుకు రెట్టింపు డోసు, మొదటి రోజు, నెలకు, రెండు నెలలకు, ఆరు నెలలకు, మొత్తం నాలుగు విడతలు. డయాలసిస్ మొదలయ్యాక వేస్తే ఒంటికి సరిగ్గా పట్టదు, అందుకే ముందే పూర్తి చేసుకోవడం మేలు.

కాగితాలు, డబ్బు

అనంతపురం, కర్నూలు, కడప పెద్దాసుపత్రుల్లో డయాలసిస్ యూనిట్లు ఉన్నాయి. కిడ్నీ మార్పిడి తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో చేస్తారు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్న పథకంలో డయాలసిస్ ఉచితం, ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో కూడా. ఆధార్, బియ్యం కార్డు రెండింట్లో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయా ఇప్పుడే చూసుకోండి. నాయన కార్డులో ఒక అక్షరం తేడా ఉండి, అర్జెంటుగా చేరిన రోజు మూడు రోజుల బిల్లు చేతినుంచి కట్టాం, తర్వాత సరిచేయించడానికి నెల పట్టింది.

డయాలసిస్ చేయించుకునేవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వం నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తుంది. ఆసుపత్రి కాగితాలతో మీ సచివాలయంలో అడగండి. డయాలసిస్‌కో మార్పిడికో రైల్లో వెళ్లేవాళ్లకు, తోడు ఒకరికి, రైల్వేలో టికెట్ రాయితీ ఉంది, ఆసుపత్రి నుంచి సర్టిఫికెట్ రాయించుకోవాలి. బెంగళూరు తిరిగేవాళ్లకు ఇది చాలా ఆదా.

సెంటరు ఎంచుకునే ముందు ఒకసారి ఊరికే వెళ్లి చూసి రండి. ఏ షిఫ్టు ఖాళీ ఉంది, హెపటైటిస్ ఉన్నవాళ్లకు వేరే మిషన్ ఉందా, ఆర్‌ఓ నీళ్ల పరీక్ష ఎప్పుడెప్పుడు చేస్తారు అని అడగండి. ఒక్క డయాలసిస్‌కు 120 లీటర్ల దాకా నీళ్లు ఫిల్టరులో రక్తం పక్కనుంచి పోతాయి, ఆ నీళ్లు శుభ్రంగా ఉండటం ముఖ్యం. అక్కడ పడుకున్న పేషెంట్లతో కాసేపు కూర్చోండి. చిన్నమ్మకు నేను నెలంతా చెప్పిన దానికంటే, తాడిపత్రి నుంచి వచ్చే ఒక పెద్దాయన తన చెయ్యి చూపించి "ఆరేళ్లయింది తల్లీ, ఇంకా చేనికి పోతా" అన్న మాటే ధైర్యం ఇచ్చింది.

మొదటి రోజు

మొదటిసారి పూర్తి నాలుగు గంటలు పెట్టరు. రెండు గంటలు, తర్వాత మూడు, అలా పెంచుతారు, ఒక్కసారిగా రక్తం శుభ్రమైతే తలనొప్పి, వాంతులు వస్తాయని. రెండు సూదులు గుచ్చుతారు, ఒకటి రక్తం తీసుకోవడానికి, ఒకటి తిరిగి ఇవ్వడానికి. నొప్పి ఉంటుంది, లేదని చెప్పను, గుచ్చేటప్పుడు కొన్ని సెకన్లు. వెళ్లే ముందు ఫిస్టులా చెయ్యి సబ్బుతో కడుక్కోండి. పొట్టి చేతుల జాకెట్టు, వదులు చొక్కా వేసుకోండి. దుప్పటి తప్పకుండా పట్టుకెళ్లండి, బయట ఎంత ఎండ ఉన్నా లోపల వణుకు పుడుతుంది. ఆ పొద్దున బీపీ మాత్ర వేసుకోవాలా వద్దా అని ముందు రోజే అడిగి పెట్టుకోండి, వేసుకొని వెళ్తే కొందరికి మధ్యలో బీపీ పడిపోతుంది.

డ్రై వెయిట్ అనే మాట వింటారు, ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు. రెండు డయాలసిస్‌ల మధ్య పెరిగే బరువు ఒంటి బరువులో 4 శాతం దాటకుండా చూసుకోవాలి, అంటే 55 కిలోల మనిషికి రెండు కిలోల చిల్లర. ఇంట్లో ఒక బరువు మిషన్ కొనుక్కోండి, రోజూ పొద్దున ఒకే టైంకు చూసి క్యాలెండర్ మీద రాసుకోండి. ఎక్కువ నీరు ఒక్కసారి లాగితేనే పిక్కలు పట్టేయడం, కళ్లు తిరగడం. అలా అనిపిస్తే ఓర్చుకోకుండా వెంటనే పిలవండి. కళ్లు మసకలు కమ్మేదాకా నాయన నోరు తెరిచేవాడు కాదు, నర్సులకు పని పెంచకూడదని.

అయిపోయాక సూది తీసిన చోట పది పదిహేను నిమిషాలు వేలితో నొక్కి పట్టుకోవాలి. ఇంటికొచ్చాక మళ్లీ రక్తం కారితే తువ్వాలు చుట్టి కూర్చోకండి, కింద ఎంత పోతోందో కనపడదు. చెయ్యి పైకెత్తి ఆ చుక్క మీదే వేలితో గట్టిగా నొక్కండి, పావుగంటకూ ఆగకపోతే నొక్కి పట్టుకొనే 108కి ఫోన్ చేయించండి. ఆ రోజు ఇంకే పని పెట్టుకోవద్దు. చిన్నమ్మ మొదటి రోజు ఇంటికొచ్చి రెండు ఇడ్లీ తిని, సాయంత్రం దాకా లేవలేదు, మరుసటి రోజు పొద్దున మాత్రం చాలా నెలల తర్వాత ఆకలవుతోందని తనే అడిగింది. రాత్రి పడుకోబోయే ముందు ఫిస్టులా మీద వేళ్లు పెట్టి చూడటం ఆ రోజు కూడా మరిచిపోకండి.